పళ్లెం మీద గీసిన మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల ఫలితాలు వెనుక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం ఒకే విషయానికి ఉంచాను. దయచేసి చివరిదాకా చదవండి.

మధ్యాహ్న భోజనానికి మన పిల్లలు ఇంటి నుంచి పళ్లేలు తెచ్చుకుంటారు. ఒక పిల్లవాడి స్టీలు పళ్లెం అంచున వాళ్ల అవ్వ పేరు కొట్టించి ఉంది. ఆ పేరు పక్కనే ఎవరో కంపాస్ ముల్లుతో వాళ్ల కులం పేరును తిట్టుగా గీశారు. మూడు రోజులు ఆ పిల్లవాడు ఆ మాట కనబడకుండా బొటనవేలు అడ్డంపెట్టి వరుసలో నిలబడ్డాడు. నాలుగో రోజు వేడి పప్పు తగిలి బొటనవేలు తీసేసరికి వడ్డించే అక్క కంటబడింది.

ఇది ఆ తల్లి అనుమతితోనే రాస్తున్నాను. ఏ తరగతి, ఎవరి పిల్లలు అని ఆరా తీయవద్దని మనవి.

ముందు మా పొరపాటు చెప్పాలి. విషయం తెలియగానే మాలో ఒకరు "పిల్లల అల్లరి, కొత్త పళ్లెం తెచ్చుకో నాయనా" అన్నారు. నేను కూడా ఆ పూటకు దాన్ని చిన్న విషయంగానే తీసుకున్నాను. మర్నాడు మరో ఇద్దరు పిల్లలు పళ్లేలు తేలేదు, ఆకలి లేదన్నారు. వాళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు. అయినా గీసిన మాట తమకూ తగులుతుందని వాళ్లకు తెలుసు. ద్వేషంతో చేసే నేరానికి, మామూలు తగాదాకు తేడా ఇక్కడే ఉంది. తగాదాలో దెబ్బ ఇద్దరి మధ్య ఆగుతుంది. ద్వేషం మనిషిని వాడు చేసిన పనిని బట్టి కాక, పుట్టుకను బట్టి ఎంచుకుంటుంది. అందుకే అలాంటి పుట్టుకే ఉన్న ప్రతి ఒక్కరూ ఆ రాత్రి భయంతో పడుకుంటారు.

చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. 1985 జూలైలో మన రాష్ట్రంలోని కారంచేడు గ్రామంలో ఆరుగురు దళితులను చంపారు. అది మొదలైంది తాగునీటి చెరువు దగ్గర జరిగిన మాటామాటాతో. ఇలాంటి దారుణాల తర్వాతే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నా వయసు వాళ్లకు ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. మన పిల్లల్లో చాలామందికి ఆ పేరే తెలియదు.

ఉగాది నాడు దేవుని కడపలో ముస్లింలు వేంకటేశ్వరుని దర్శనానికి వరుస కడతారు. పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాల వాళ్లూ వెళతారు. ఇది మన ఊరి సొత్తు, గర్వపడదాం. కానీ కులం మాట వచ్చేసరికి అందరం గొంతు తగ్గిస్తాం. వాట్సాప్‌లో ఇంకో మతం వాళ్ల మీద వీడియో వస్తే నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపుతాం. పక్కనే కూర్చున్న పిల్లలు చూస్తూనే ఉంటారు. ఆ ముల్లు పట్టుకున్న పిల్లవాణ్ణి ఈ మాట ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "ఇంట్లో అందరూ అంటారు కదా మేడమ్" అన్నాడు. వాడి కళ్లలో కోపం లేదు. అది చూసి నాకు ఇంకా బాధ కలిగింది.

చట్టం సంగతి కొంత తెలుసుకోవాలి. పదిమందిలో ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం 1989 చట్టం కింద నేరం. ఆ కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. మతం, కులం, భాష పేరుతో వర్గాల మధ్య వైరం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. ఫోనులో పంపిన సందేశానికీ ఇది వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది బాధపడిన కుటుంబం ఇష్టం. సర్దుకుపొమ్మని, బడి పరువు చూడమని అడిగే హక్కు నాకు లేదు, మీకూ లేదు.

మీ పిల్లలకు ఇలాంటిది ఎదురైతే ఆ రాతను చెరిపేయకండి. ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి, ఎవరికీ పంచకండి. అదే రోజు నాకు చెప్పండి. పిల్లల సాయానికి 1098, అత్యవసరమైతే 112, ఎస్సీ, ఎస్టీలపై వేధింపులకు 14566 నంబర్లు ఉన్నాయి. ముఖ్యంగా "నువ్వేం చేశావు" అని పిల్లలను మొదటే అడగకండి. మూడు రోజులు వేలు అడ్డంపెట్టిన పిల్లవాడు ఆ ప్రశ్నకే భయపడ్డాడు.

తప్పు చేసిన పిల్లవాడితో అందరి ముందు క్షమాపణ చెప్పించలేదు. అలా చేస్తే ఇద్దరినీ మళ్లీ నిలబెట్టినట్టవుతుందని ఆ తల్లే అన్నారు, నాకూ అదే సబబనిపించింది. వాడితోనూ, వాడి తల్లిదండ్రులతోనూ విడిగా మాట్లాడుతున్నాం. భోజనాల వరుసను హాజరుపట్టీ ప్రకారం మార్చాం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఇక పిల్లల ఇష్టానికి వదలడం లేదు.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగు గంటలకు తల్లిదండ్రుల సమావేశం. పిల్లలను ఇంట్లోనే ఉంచి రండి. ఆ రోజు మాట్లాడవలసింది పెద్దలం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
కడప