గోడకి ఇవతల ఉన్నవాళ్లకి కూడా ఆ మ్యాప్ చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం గురించి మీ పేపర్లో దాదాపు రోజూ ఏదో ఒక వార్త వస్తోంది. టెర్మినల్ ఎలా ఉంటుంది, 3.8 కిలోమీటర్ల రన్‌వే మీద ఎంత పెద్ద విమానాలు దిగొచ్చు, మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులట, ఇవన్నీ చదువుతున్నాం, ఫొటోలు వాట్సాప్‌లో ఒకరికొకరం పంపుకుంటున్నాం. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి విమానం ట్రయల్‌గా వచ్చి దిగినప్పుడు మా వీధి పిల్లలంతా మేడలెక్కి కేకలు పెట్టారు. కానీ ప్రహరీకి ఇవతల ఉన్నవాళ్ల బతుకు రేపట్నుంచి ఎలా ఉంటుందన్నది మాత్రం ఎవరూ రాయడం లేదు, ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను విమానాశ్రయం వద్దనేవాణ్ణి కాదు. విశాఖలో ఉన్నది నేవీ వాళ్ల ఎయిర్‌ఫీల్డ్, మన విమానాలు వాళ్ల టైములకి సర్దుకోవాల్సిందే, పైగా 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి అక్కడి టెర్మినల్ ఏమైపోయిందో అందరం చూశాం. ఉత్తరాంధ్రకి సొంతంగా ఒక పెద్ద ఎయిర్‌పోర్టు కావాలి. దానికోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకి ఊళ్లే లేచి లింగాలవలస, గూడెపువలస కాలనీలకి వెళ్లిపోయాయి. 2015లో మొదట 15 వేల ఎకరాలు అని చెవిన పడ్డప్పుడు ఎంత గొడవైందో, అది తగ్గుతూ తగ్గుతూ రావడానికి ఎన్ని ధర్నాలు జరిగాయో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. ఇచ్చిన పరిహారం చాలిందా లేదా అన్నది వేరే మాట, భూమి ఇచ్చినవాళ్లతో కనీసం కూర్చుని మాట్లాడారు. భూమి పోనివాళ్లతో మాట్లాడాల్సిన పని ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ పని ఎందుకుందో చెప్తాను. రన్‌వేని ఎటు తిప్పి పెట్టాలన్నది గాలిని చూసి నిర్ణయిస్తారు, ఏడాదిలో కనీసం 95 శాతం సమయం అడ్డగాలి ఇబ్బంది లేకుండా విమానాలు దిగగలిగేలా. ఆ దిక్కు ఖాయమైన రోజే గోడ బయట కూడా కిలోమీటర్ల పొడవునా గీతలు పడిపోతాయి. ఎక్కడ ఎంత ఎత్తు కట్టాలి, ఏ చెట్టు ఎంతవరకు పెరగొచ్చు, ఏ ఊరి మీదుగా విమానం కిందికి దిగుతుంది అన్నీ ఆ గీతలు గీసిన మ్యాప్ మీద ఉంటాయి. ఆ గీతల కింద ఉన్న మనుషులకి మాత్రం సంగతి తెలీదు, ఎందుకంటే వాళ్ల సెంటు భూమి కూడా ఎవరూ తీసుకోలేదు కదా.

కొబ్బరి చెట్టు సంగతే తీసుకోండి. రన్‌వే చివర దాటి 60 మీటర్ల దగ్గర్నుంచి, విమానం దిగే దారిలో, నేలకి పైన ఏటవాలుగా ఒక హద్దు మొదలవుతుంది. ప్రతి 50 మీటర్ల దూరానికి ఆ హద్దు ఒక్క మీటరే పైకి లేస్తుంది, అలా మొదటి మూడు కిలోమీటర్లూ ఇదే లెక్క. అంటే 500 మీటర్ల దూరంలో 10 మీటర్లు, కిలోమీటరు దూరంలో 20 మీటర్లు, అది కూడా రన్‌వే మట్టం నుంచి, మీ తోట కాస్త మెరక మీద ఉంటే ఆ మెరక కూడా అందులోంచి పోతుంది. మా దగ్గర ముదురు కొబ్బరి చెట్టు 20 మీటర్లు తేలిగ్గా దాటుతుంది, తాడిచెట్టూ అంతే. మా పెదనాన్న వాళ్ల తోటలో చెట్లు ఆయన తండ్రి నాటినవి, మూడు నెలలకోసారి దింపు తీస్తే ఇంటి ఖర్చులు వాటి మీదే నడిచిపోతాయి. ఆ తోట గీత లోపలుందా బయటుందా అని అడిగితే ఇప్పటికీ చెప్పేవాళ్లు లేరు. ఆయన వయసులో మళ్లీ మొక్క నాటి కాపు కోసం ఎదురుచూడమంటే ఎలా?

ఎత్తు మించిన చెట్టుని కొట్టమని, కట్టడాన్ని తగ్గించమని చెప్పే అధికారం కేంద్రానికి 1934 నాటి విమానాల చట్టంలోనే ఉంది, దాని స్థానంలో 2025 జనవరి 1 నుంచి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌లో కూడా కొనసాగింది. అలా నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలని పాత చట్టంలో 9బి అని ఒక సెక్షనే రాశారు. భూసేకరణ పరిహారం గురించి మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా మాట్లాడతాడు గానీ, ఈ పరిహారం అనేది ఒకటుందని ఎంతమందికి తెలుసంటారు?

ఇళ్ల విషయం ఇంకా గందరగోళంగా ఉంది. రన్‌వే చుట్టూ నాలుగు కిలోమీటర్ల వరకు మామూలుగా 45 మీటర్ల ఎత్తు హద్దు, ఊళ్లో రెండంతస్తుల ఇల్లు కట్టుకునేవాడికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. దిగే దారిలో ఉన్నవాడికే అసలు చిక్కు. మా వీధిలో గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసి వచ్చిన తమ్ముడొకడు పైన ఒక వాటా వేద్దామని ఒక ఆఫీసుకి వెళ్తే, ఒకాయన ఎన్ఓసీ, అంటే కట్టుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం, తెమ్మన్నారట, పక్క సీటాయన అక్కర్లేదన్నారట. వాడు ఇనుము కొని పడేసి టెన్షన్‌తో తిరుగుతున్నాడు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెద్ద విమానాశ్రయాలకి రంగుల మ్యాపులు తయారుచేస్తుంది, ఏ రంగులో ఎంత ఎత్తు దాకా పంచాయతీయో మున్సిపాలిటీయో అనుమతి ఇచ్చుకోవచ్చో అందులో ఉంటుంది. అలాంటి మ్యాపు తెలుగులో, సర్వే నంబర్లతో, పంచాయతీ గోడకి అంటిస్తే ఆ కుర్రాడు ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు.

మరోపక్క హైవే పొడవునా వెంచర్ల బోర్డులు, ఎయిర్‌పోర్టుకి ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటూ. ఆ ప్లాట్లలో ఏవి విమానం దిగే దారి కింద ఉన్నాయో బోర్డు మీద రాయరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం టేకాఫైన కాసేపటికే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది, భోజనానికి కూర్చున్న పిల్లలు పోయారు. ఆ దారిలో బడి, ఆసుపత్రి, హాస్టల్ లాంటివి రాకుండా చూడటానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదు, ఇప్పుడింకా చాలాచోట్ల తోటలే ఉన్నాయి. విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ప్లాన్‌లో ఆ మేర గుర్తుపెట్టి, అక్కడ జనం గుమిగూడే కట్టడాలకి అనుమతి ఇవ్వకూడదు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పెడుతున్నది చేపల సంగతి. ముక్కాం, చేపలకంచేరు వైపు వెళ్లి చూడండి, ఇసుక మీద కవళ్లు, నెత్తళ్లు పరిచి ఎండబెట్టేది ఆడవాళ్లే, పైన కాకులు, గద్దలు తిరుగుతుంటే పక్కన కర్ర పట్టుకుని కూర్చుంటారు. వేట లేని రోజుల్లో ఆ ఎండు చేపల డబ్బులే ఇల్లు నడుపుతాయి. 1937 విమాన నిబంధనల్లో 91వ నిబంధన ఏం చెప్తుందంటే, విమానాశ్రయం నుంచి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్త వేయకూడదు, జంతువుల్ని కోయకూడదు, మాంసం కొట్ల వ్యర్థాలతో పాటు చేపల కొట్ల వ్యర్థాలు కూడా అందులో ఉన్నాయి. పక్షి ఇంజన్లో పడితే ఎంత ప్రమాదమో తెలియక కాదు, ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ రేపు ఎవరో ఒక అధికారి వచ్చి ఇసుక మీద చేపలు ఎండబెట్టడం కూడా ఆపేయండి అంటే ఈ ఆడవాళ్లు ఎక్కడికి పోవాలి? ఆపమని చెప్పే ముందే వలలు కప్పిన ఎత్తు బల్లలు, షెడ్లు, సోలార్ డ్రయ్యర్లు కట్టించి ఇవ్వొచ్చు కదా. అలాంటి డ్రయ్యర్లు తయారుచేసిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకి విశాఖలోనే పరిశోధన కేంద్రం ఉంది. టెర్మినల్ అద్దాలకి పెట్టిన ఖర్చు ముందు ఇది లెక్కలోకి వస్తుందా?

మోత గురించి ఎక్కువ చెప్పను. రన్‌వేకి ఐదు కిలోమీటర్ల దూరంలో దిగుతున్న విమానం ఇళ్లకి మూడు వందల మీటర్లు కూడా లేని ఎత్తులో ఉంటుంది, గాలి తిరిగితే అవతలి చివర ఊళ్ల మీదుగా వస్తుంది. విమానాశ్రయాల చుట్టూ పగలూ రాత్రీ మోత ఎంత ఉండొచ్చో కేంద్ర పర్యావరణ శాఖ 2018లో పరిమితులు పెట్టింది. విమానాలు రాకముందు మా బళ్లలో మోత ఎంతుందో ఇప్పుడే కొలిచి రాసిపెట్టకపోతే, తర్వాత పెరిగిందని ఎవరు ఒప్పుకుంటారు.

నీళ్ల మాట కూడా చెప్పాలి. కొచ్చిన్ విమానాశ్రయం కట్టినప్పుడు చెంగల్‌తోడు అనే వాగు దారికి రన్‌వే అడ్డం పడింది. 2018 వరదల్లో ఆగస్టు 15 నుంచి 29 దాకా ఆ ఎయిర్‌పోర్టే మూతపడింది, చుట్టుపక్కల ఊళ్లూ మునిగాయి. ఆ తర్వాత ఎయిర్‌పోర్టు కంపెనీయే 'ఆపరేషన్ ప్రవాహ్' అని పేరు పెట్టి వాగులు తవ్వించి, వంతెనలు కట్టించాల్సి వచ్చింది. మా దగ్గర తుపాను వాన పడితే నీరు చెరువులు నిండి, గెడ్డలు, అంటే వాగులు, పట్టి సముద్రానికి పోతుంది. ఇన్నాళ్లూ ఇసుక నేల తాగేసిన వాన ఇప్పుడు కాంక్రీటు మీంచి ఒక్కసారిగా కిందికి వస్తుంది. అది ఏ గెడ్డలోకి వదులుతున్నారు, ఆ గెడ్డకి అంత నీటిని మోసే వెడల్పు ఉందా, ఆ డ్రైనేజీ ప్లాన్ కిందున్న ఊళ్ల రైతులకి చూపించారా?

కలెక్టర్ గారినీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారినీ మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. ఆయన పక్క జిల్లా ఎంపీయే, ఈ గెడ్డలూ వలసలూ ఆయనకి కొత్త కాదు. సర్వీసులు మొదలయ్యే ముందే సవరవిల్లి, రావాడ, కవులవాడ, గూడెపువలస, కంచేరు మొదలుకుని సముద్రం ఒడ్డు ఊళ్ల దాకా ఒక్కో గ్రామసభ పెట్టించండి. లేఅవుట్ మ్యాపు గోడ లోపలిది మాత్రమే కాకుండా బయట గీతలతో సహా పరచి, తెలుగులో చెప్పించండి. రెండో దశలో ఏది ఎటు పెరుగుతుందో కూడా చెప్పించండి, లేకపోతే అమ్ముకోలేక, కట్టుకోలేక జనం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతారు. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ ఒకటి ఉండాలి, అందులో రైతులు, మత్స్యకార మహిళలు, బడి మాస్టార్లు ఉండాలి, వాళ్లు అడిగినవాటికి కాగితం మీద జవాబు రావాలి. ఒడ్డు ఊళ్లలో సభ మాత్రం పొద్దున్న పెట్టకండి, అప్పుడు బోట్లు వచ్చి చేపల బేరం నడుస్తుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక పెడితే ఆడవాళ్లు రాగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భోగాపురం మండలం, విజయనగరం జిల్లా