‘పరిష్కరించబడినది’... ఎవరిచేత, మంత్రిగారూ?

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను గోదావరి డెల్టాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 19 ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్న స్కూల్ అసిస్టెంటును. తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత వారానికి ఒక్క పీరియడు ప్రపంచ వార్తల మీద ఇంగ్లిషులో మాట్లాడించుకోవడానికి అనుమతి ఇమ్మని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మండల కార్యాలయంలో ఇచ్చినదానికీ, జిల్లా కార్యాలయంలో ఇచ్చినదానికీ జవాబు లేదు. ఒక సోమవారం సెలవు పెట్టి కలెక్టరేట్ వరండాలో వరుసలో నిలబడి ఇచ్చిన మూడోదానికి మాత్రం పన్నెండో రోజున ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ ఏమని పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో అందులో లేదు. ఆ ‘బడినది’ గురించి కింద మనవి చేసుకుంటాను.

సంగతి 2025 వినాయక చవితి మర్నాడు, గురువారం నాడు మొదలైంది. పండగ నాడే, అంటే ఆగస్టు 27నే, మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్లలో రొయ్యల చెరువైనా ఉంటుంది, చెరువు మీద పనైనా ఉంటుంది. మన రొయ్యను ఎక్కువగా కొనేది అమెరికా అని వాళ్లకు నేను చెప్పనక్కరలేదు, ఏ పూట ఏ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎంత పలుకుతోందో వాళ్లే నాకు చెబుతారు. ఆ ఉదయం బడి ప్రార్థన అసెంబ్లీలో ఒక బాబు ‘టుడేస్ న్యూస్’ అంటూ ఆ వార్తను గుక్క తిప్పుకోకుండా ఇంగ్లిషులో చదివేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, జనగణమన పాడి తరగతులకు వెళ్లిపోయారు. మూడో పీరియడులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, “సార్, పొద్దున్న చదివింది మా నాన్న చెరువు గురించేనాండీ?” అని అడిగింది.

ఆ రోజు నా లెసన్ ప్లానులో ఉన్నది పాసివ్ వాయిస్, అంటే ‘చేయబడినది’ అనే తీరు వాక్యం. ‘ఎ లెటర్ వాజ్ రిటెన్ బై రామా’ అని రాసి ఉన్న బోర్డు తుడిచి, ‘ఎ టారిఫ్ హేజ్ బీన్ ఇంపోజ్డ్’, అంటే ‘సుంకం విధించబడినది’ అని రాశాను. ఎవరు వేశారు, ఎవరి మీద వేశారు, ఎవరు కడతారు? తరగతి తరగతంతా ‘అవర్ ఫార్మర్స్’ అని అరిచింది. కాదు, సుంకాన్ని అమెరికా ప్రభుత్వానికి కట్టేది అక్కడ సరుకు దింపుకునే ఇంపోర్టరు అన్నాను. అప్పుడా అమ్మాయి, పాఠ్యపుస్తకం బయట ఏనాడూ ఇంగ్లిష్ ముక్క మాట్లాడని అమ్మాయి, “దెన్ వై మై ఫాదర్ లాస్, సార్?” అని నిలదీసింది. వాక్యంలో ‘డిడ్’ లేదు. నేను దిద్దలేదు. వెనక బెంచీ కుర్రాడు సగం ఇంగ్లిషు, సగం తెలుగు కలిపి, ఇంపోర్టరు ఆ బరువును ఎగుమతి కంపెనీ మీదికి, కంపెనీ ఏజెంటు మీదికి, ఏజెంటు చెరువు గట్టు మీదికి నెట్టేస్తారని జవాబు చెప్పాడు. అదే రొయ్య అమ్మే ఈక్వడార్‌కు 15 శాతమేనని నేను చెప్పగానే మ్యాపు దించి ఆ దేశం ఎక్కడుందో వెతికారు. ఆ 50లో సగం మనం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన అపరాధ సుంకమని తెలిశాక, చర్చ 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో మొదలైన యుద్ధం దాకా వెళ్లింది. అప్పుడు అయిదో తరగతిలో ఉన్న ఈ పిల్లలకు ఆ యుద్ధం గురించి గుర్తున్నది ఒక్కటే, ఇంట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్టు ధర పెరిగిందని అమ్మ సణగడం. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నా సర్వీసులో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మరుసటి వారం ఆ చర్చ కొనసాగుతుండగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. పది నిమిషాలు గుమ్మంలో నిలబడి విన్నారు. పిల్లలు ఏం మాట్లాడుతున్నారని అడగలేదు, “ఇది ఏ యూనిట్టు?” అని మాత్రం అడిగారు. నాలుగో రోజున మెమో వచ్చింది. ‘ఇట్ హేజ్ బీన్ బ్రాట్ టు ది నోటీస్ ఆఫ్ ది అండర్‌సైన్డ్’ అని దాని మొదటి వాక్యం. తన కళ్లతో చూసి, తన చెవులతో విన్నదాన్ని ఎవరో తన దృష్టికి తెచ్చినట్లుగా రాసిన ఆ వాక్యం కంటే మంచి పాసివ్ వాయిస్ ఉదాహరణ ఏ గ్రామరు పుస్తకంలోనూ నాకు దొరకలేదు. సిలబస్‌కు సంబంధం లేని రాజకీయ విషయాలు బోధించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలన్నారు, ఇచ్చాను. ఆ మెమో ఇప్పటికీ నా సర్వీసు ఫైలులోనే ఉంది. మంత్రిగారూ, మైకులో చదివి చప్పట్లు కొట్టించుకుంటే తప్పు లేని వార్త, తరగతిలో అర్థం చెప్పమంటే రాజకీయం ఎలా అయిందో మీరైనా చెప్పించండి.

బడిలో నేర్చిన చదువును బడి బయటి బతుకుతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. మాకు జరిగిన ప్రతి శిక్షణలోనూ రిసోర్సు పర్సన్లు పిల్లల చేత మాట్లాడించండి, మాట్లాడించండి అని ప్రాధేయపడ్డారు. దేని గురించి మాట్లాడించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పార్కులో కుక్కపిల్ల గురించీ, రైల్వే స్టేషనులో విచారణ గురించీ ఎన్నేళ్లు మాట్లాడతారండీ? గైడులోని జవాబును కామాతో సహా అప్పజెప్పే పిల్లవాడికి ఎఫ్‌ఏ అనే తరగతి పరీక్షలో మంచి మార్కులే వస్తాయి, కాదనను. వాడినే ‘వాట్ డు యూ థింక్’ అని అడిగితే గోడకేసి చూస్తాడు.

ఇందులో ప్రమాదం లేదని నేను అనడం లేదు. గాజా గురించి ఒకడు అడిగిన రోజున నేనూ తడబడ్డాను. పద్నాలుగేళ్ల పిల్లలు ఫోనులో చూడకూడనివన్నీ చూసి వస్తున్నారు, ఇంట్లో విన్న మాటలనే వాదనలుగా తెస్తున్నారు. అందుకే ఆ రోజు ఎవరు ఒప్పు అన్న జోలికి పోకుండా, వార్తలో వాడిన క్రియల కింద గీతలు గీయించాను. ‘సెడ్’ అంటే అన్నాడు, ‘క్లెయిమ్డ్’ అంటే అన్నాడు కానీ రుజువు చూపలేదు, ‘అడ్మిటెడ్’ అంటే దాచాలనుకున్నది ఒప్పుకున్నాడు. మూడింటినీ తెలుగులో ‘చెప్పాడు’ అని రాసుకునే మా పిల్లలకు రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరన్న మాటను మరొకరు చెప్పడం ఏమిటో ఆ రోజు తెలిసింది. మన పార్టీల ఊసు, మన ఎన్నికల ఊసు తరగతిలో ఎత్తనని రాతపూర్వకంగా ఇమ్మన్నా ఇస్తాను.

ఇక పేపరు సంగతి. మా ఊళ్లో ఇంగ్లిష్ పేపరు వేయించుకునేవాడిని నేనొక్కడినే. ఒక్క కాపీ కోసం పేపరు కుర్రాడు రాడు కనుక, మండల కేంద్రం నుంచి బస్సులో తెలుగు పేపర్ల కట్టతో కలిపి పంపుతారు. ఒక్కోరోజు కట్ట బస్టాండులోనే ఉండిపోతుంది. పోయిన వారం వార్తలే ఈ వారం చెప్పుకుంటాం, పిల్లలకు దాంతో పేచీ లేదు. గ్రంథాలయ నిధి నుంచి రెండు కాపీలు తెప్పించమని హెచ్‌ఎం గారిని అడిగితే, పై నుంచి ఉత్తర్వు ఉంటే తప్ప తన చేతిలో లేదన్నారు. ఆ పైవారెవరో కూడా మొదటి అర్జీలోనే అడిగాను.

అడిగిందే మళ్లీ అడుగుతున్నాను, విసుక్కోకండి. వారానికి ఒక్క పీరియడు ఇప్పించండి. రెండు కాపీల పేపరు ఇప్పించండి. ఆ మెమో రద్దు చేయించండి. మెమో రద్దు కుదరకపోతే పీరియడైనా ఇప్పించండి. ఆ అమ్మాయి ఇప్పటికీ గురువారం వచ్చిందంటే, “ఈ రోజు న్యూస్ ఉందాండీ?” అని అడుగుతూనే ఉంది, నేను టీచర్ డైరీ తెరిచి యూనిట్ నంబరు వెతుక్కుంటూనే ఉన్నాను. ఈ లేఖకు కూడా ‘పరిష్కరించబడినది’ అనే జవాబు వచ్చేటట్లయితే, ఎవరిచేత అన్న ఒక్క మాట కలిపి రాయమని మీ కార్యాలయానికి దయచేసి చెప్పండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (ఇంగ్లిష్)