‘ప్రైస్‌లెస్’ అంటే ఉచితమా?

సంపాదకులకు నమస్కారం.

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లీషు పరీక్షలో ‘ప్రైస్‌లెస్’కు అర్థం ‘ఉచితం’ అని రాసింది. టీచరు ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశారు. ఎందుకలా రాశావే అంటే, ‘హోమ్‌లెస్ అంటే ఇల్లు లేని, కేర్‌లెస్ అంటే జాగ్రత్త లేని, మరి ప్రైస్‌లెస్ అంటే ధర లేనిదే కదమ్మా’ అంది. తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ‘లెస్’ అంటే ‘లేని’ అని బడిలో పట్టిక ఇచ్చి నేర్పింది నేర్పినట్టే పాటించింది పాపం. తెలుగులో ‘వెలలేని రత్నం’ అంటే ఊరికే ఇచ్చే రత్నం కాదుగా, ఇదీ అంతేనని చెప్పాక ఒక్క నిమిషంలో పట్టేసింది.

మాట చివర చేరే ఇలాంటి ప్రత్యయాలను మన పిల్లలకు ఎక్కాల్లా వల్లె వేయిస్తున్నారు. ‘ఫుల్’ అంటే నిండిన, ‘లెస్’ అంటే లేని, ‘ఎర్’ అంటే చేసేవారు. నిజమే, టీచ్ చేసేవారు టీచర్. కానీ వంట చేసే మనిషి ‘కుక్’, ‘కుక్కర్’ మాత్రం స్టవ్వు మీద కూర్చుంటుంది. ‘చైల్డ్‌లైక్’ అంటే పసిమనసని మెచ్చుకోలు, ‘చైల్డిష్’ అంటే చిన్నపిల్లల చేష్టలని విసుగు. ఇక ‘హార్డ్’కు ‘లీ’ తగిలించి ‘ఐ హార్డ్‌లీ వర్క్‌డ్’ అని రాసిన పిల్ల, తాను పడ్డ కష్టమంతా లేదని తనే ఒప్పుకున్నట్టు.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు 4 నుంచి 7 ఏళ్ల పిల్లలను ఇంగ్లీషులో లేని, కల్పించిన మాటలతో పరీక్షించారు. ‘వగ్’ అనే ఊహా జీవి బొమ్మ చూపి, ఇవి రెండుంటే ఏమంటారని అడిగితే చాలామంది ‘వగ్స్’ అనేశారు. ‘జిబ్’ చేయడమే పనిగా ఉన్న మనిషిని ఏమంటారంటే మాత్రం పెద్దవాళ్లు చెప్పిన ‘జిబ్బర్’ పిల్లల్లో కొద్దిమందికే తట్టింది. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు వింటున్నవాళ్లు! వాళ్లకే ఆలస్యంగా వచ్చేదాన్ని మన పిల్లలకు ఒక పట్టిక ఇచ్చి సరిపెడితే ఎలా వస్తుంది?

నిజానికి ఈ విద్య తెలుగులో వాళ్లకు వచ్చినదే. మంచి నుంచి మంచితనం, పెద్ద నుంచి పెద్దరికం, వేట నుంచి వేటగాడు. ‘తనం’ గుర్తుచేసి ‘నెస్’ చెబితే కైండ్‌నెస్ దానంతటదే తెలుస్తుంది. అన్నీ ఇలా కుదరవనీ అప్పుడే చెప్పాలి. ‘మొనగాడు’లో ‘మొన’ ఏమిటో మనలో ఎంతమందిమి చెప్పగలం?

పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికీ నా విన్నపం ఒక్కటే. ‘తగిన ప్రత్యయం చేర్చి ఖాళీ పూరించుము’ అన్న ప్రశ్న తీసేయండి. అర్థం తెలియకపోయినా దానికి మార్కులు వస్తాయి. బదులుగా ‘ప్రైస్‌లెస్’ (వెలకట్టలేనిది), ‘వర్త్‌లెస్’ (విలువే లేనిది) పక్కపక్కన పెట్టి, రెంటికీ తోక ఒకటే అయినా అర్థాలు ఎందుకు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయో సొంత వాక్యాల్లో రాయమనండి. జవాబు తప్పితే కొట్టేసిన చోట ఒక్క ముక్క రాయండి. ఎర్రసిరాతోనే రాసినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు