సముద్రం మీద నెపం, కాలువలో మూటలు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో సముద్ర జంతువుల నుంచి నేల మీది జంతువులకూ, మనుషులకూ వైరస్‌లు వస్తున్నాయని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ కోపంలో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

వార్తలోని వైరస్ అమెరికాది, జబ్బు పడ్డ జంతువులు పెరూవి, అర్జెంటీనావి. ఫొటో మాత్రం మన మత్స్యకారులు వల లాగుతున్నది! మర్నాడు మా సంతలో చందువా, మెత్తళ్లు అడిగే నాథుడు లేడు. "పేపర్లో ఏదో రాశారంట కదండీ మాస్టారూ, తట్ట ఎత్తుకుని ఇంటికి పోమంటారా?" అని చేపలమ్మి నన్ను నిలదీసింది. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైన పాపానికి ఊళ్లో ఇలాంటి వాటన్నిటికీ నేనే జవాబుదారీని.

పైగా ఆ తర్జుమా ఒకటి. 'సముద్ర సింహాలు' అట. సీ లయన్ అని రాస్తే మీ సొమ్మేం పోయింది? "అంతర్వేది బీచ్‌కి సింహాలొస్తాయా తాతయ్యా" అని మా మనవడు అడిగాడు. అక్కడున్నది నరసింహస్వామి ఒక్కడేరా అని చెప్పి పంపాను. సీ లయన్ అంటే చేపలు తిని బతికే, పాలిచ్చే సముద్ర జంతువు. అది మన బంగాళాఖాతంలో లేదు. ఆ ఒక్క వాక్యం వేయడానికి మీ పత్రికలో చోటు దొరకలేదు. రియల్ ఎస్టేట్ వెంచర్ల ప్రకటనలకు మాత్రం రెండు పేజీలు దొరికాయి.

విషయం అబద్ధమని నేననడం లేదు. నిజమే, అందుకే సగం చెప్పి వదిలేస్తే ఒళ్లు మండుతుంది. మీరు వదిలేసిన సగం ఇది. 1932లో కాలిఫోర్నియాలో పందులకు మూతి మీద, గిట్టల దగ్గర బొబ్బలు లేచాయి. చూడ్డానికి అచ్చం మన పశువులకొచ్చే గాలికుంటే. గాలికుంటే అనుకుని పందులను గుంపులు గుంపులుగా చంపి పూడ్చారు. తర్వాత తేలిందేమిటంటే అది వేరే వైరస్. ఆ పందులు తింటున్నది హోటళ్ల నుంచి వచ్చే పచ్చి తుక్కు, అంటే ఉడికించని వంటింటి వ్యర్థాలు. 1952లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన రైలు వంటగదిలోని తుక్కును దారిలో వయోమింగ్ రాష్ట్రంలో ఉడికించకుండా పందులకు పెట్టారు. ఇంకేముంది, చూస్తుండగానే జబ్బు 40కి పైగా రాష్ట్రాలకు పాకింది. అప్పుడు వాళ్లు చేసిన పని చాలా చిన్నది. తుక్కును ఉడకబెట్టకుండా పందులకు పెట్టకూడదని చట్టాలు తెచ్చారు, గట్టిగా అమలు చేశారు. 1956 తర్వాత ఒక్క కేసు లేదు, 1959లో జబ్బు పోయిందని ప్రకటించారు.

అసలు తమాషా ఆ తర్వాత. 1972లో కాలిఫోర్నియా తీరంలోని శాన్ మిగెల్ దీవిలో సీ లయన్ల నుంచి ఒక వైరస్‌ను వేరు చేశారు. దాన్ని పందులకు ఎక్కిస్తే అవే బొబ్బలు! అదే రకం వైరస్ అక్కడి తీరపు చేపలో కూడా దొరికింది. అంటే నేల మీద లేదనుకున్న జబ్బుకు సముద్రంలో చుట్టాలున్నారు. పందుల దొడ్లోకి అది నడిచి రాలేదు, ఈది రాలేదు. పచ్చి తుక్కు రూపంలో మనిషే మోసుకొచ్చి పెట్టాడన్నది శాస్త్రవేత్తల అంచనా.

బర్డ్‌ఫ్లూ కూడా ఇలా ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు పాకేదే. పక్షుల నుంచి సీ లయన్లకు, వాటి చుట్టాలైన సీళ్లకు పాకింది. 2023లో అర్జెంటీనాలో ఎలిఫెంట్ సీల్ పిల్లలు 17 వేలకు పైగా చచ్చిపోయాయి. మనుషుల మాటకొస్తే, 1979-80లో అమెరికా తూర్పు తీరంలో ఫ్లూతో చచ్చిన సీళ్లను కోసి పరీక్ష చేసినవాళ్లకు కళ్లకలక వచ్చింది. కళేబరాన్ని ఉత్త చేతులతో ముట్టుకునేవాడికి ఉన్న భయం, పులుసు ఉడికించుకుని తినేవాడికి లేదు. 70 డిగ్రీలు దాటితే ఫ్లూ వైరస్ బతకదు. మన చేపల పులుసు ఎంతసేపు కుతకుతలాడుతుందో మీ ఇంట్లో వాళ్లను అడిగినా చెబుతారు.

ఇక మన సంగతి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చి ఏం జరిగిందో అందరికీ తెలుసు. భోపాల్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది, కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చారు, పది కిలోమీటర్లు నిఘా అన్నారు. రిపోర్టు వచ్చేలోపు చచ్చిన కోళ్లు ఎక్కడికి పోయాయని మాత్రం ఎవరూ అడగలేదు. మా ఇంటి ముందు కాలువలోకే ఏడు మూటలు కొట్టుకొచ్చాయి. లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఆయ్, కాలువ మాది కాదండీ, ఇరిగేషన్ వాళ్లదండీ" అన్నారు. వాళ్లకు చేస్తే "నీళ్లు మావే గానీ కోళ్లు మావి కాదు కదండీ" అన్నారు. మూడో ఆఫీసాయన మర్యాదస్తుడు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాడు. పెట్టాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. అంతే. ఈలోగా ఊరకుక్కలు రెండు మూటలు గట్టు మీదకు లాక్కుపోయాయి. కాలువలకు నీళ్లు ఆపేసే ముందు ఈ నీటితోనే మా మంచినీళ్ల చెరువు నింపుతారు. 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర కాలువల్లో నీళ్లు పారించింది ఇందుకేనా?

రాత్రి పదయ్యాక పట్నాల్లోని చికెన్ షాపుల వ్యర్థాలు డ్రమ్ముల్లో వ్యాన్లెక్కి చేపల చెరువులకు పోవడం మీ విలేకరులకు తెలియదా? నిషేధం ఉంది, వ్యానూ ఉంది. కాలిఫోర్నియా పందులకు పెట్టిన పచ్చి తుక్కుకూ దీనికీ తేడా ఏమిటో నాకైతే అర్థం కాదు. రొయ్యల రైతులకు ఇంకా బాగా తెలియాలి. 1994-95లో వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయింది. ఆ వైరస్ మనిషికి రాదు, అది వేరే మాట. కానీ ఇప్పటికీ చెరువుకు వైట్‌స్పాట్ తగిలితే కొందరు చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి తూము ఎత్తేసి నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేస్తారు. తెల్లారి పక్కవాడు అవే నీళ్లు తన చెరువుకు తోడుకుంటాడు.

ఏటా వేసవికి ముందు మన తీరానికి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లదీ ఇదే తీరు. కుక్కలు, కాకులు పీక్కుతింటుంటే చుట్టూ చేరి సెల్ఫీలు దిగుతారు. ఎందుకు చచ్చిందో చూసేవాడు లేడు, ముట్టుకోవద్దురా అని పిల్లలకు చెప్పేవాడూ లేడు. చెప్పాల్సిన పశువుల డాక్టరు పోస్టు మా పక్క ఊళ్లో ఖాళీ. ఇన్‌ఛార్జి గారు వారానికోసారి వస్తారట, ఏ వారమో ఎవరికీ తెలియదు. బైపీసీ చదివిన ప్రతివాడికీ ఎంబీబీఎస్ సీటే కావాలి, గేదెల డాక్టరంటే నామోషీ. ఈ గొడవ మొదలుపెడితే నా ఉత్తరం మీ పత్రికలో పట్టదు.

మీరు సవరణ వేస్తారనే ఆశ నాకు లేదు. వేసినా పెళ్లి సంబంధాల పేజీలో ఓ మూల వేస్తారు. ఒక్క పని చేయండి, మీ విలేకరిని మా ఊరు పంపండి. మొన్న మళ్లీ కాలువలో ఒక మూట వచ్చి మా రేవు దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుంది. ఈ ఉత్తరం రాసే వేళకి అక్కడే ఉంది. సీ లయన్‌ను చూపించలేను గానీ దాన్ని చూపిస్తాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని రమ్మనండి.

ఇట్లు,
ఓ రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
పశ్చిమ గోదావరి జిల్లా