వాసన తగ్గిన బట్టల గురించి పాపకు

అనంతపురం

పాపా,

పార్సిల్ అందింది. లావెండర్ దిండు గలీబు, నైట్ షర్టు, వట్టివేళ్ళ దుప్పటి, నీ ధర్మవరం చీర, నాలుగూ విప్పి చూసినాను. ఫోన్‌లో నువ్వు అడిగింది ఒక్కటే మాట, వాసన మళ్ళీ ఎట్లా తెప్పించేదని. జవాబు మాత్రం నాలుగింటికీ నాలుగు రకాలు. నువ్వేమో అన్నిటి మీదా ఒకే సీసాలోంచి సుగంధ నూనె చుక్కలు పోసినావు. గలీబు మీద పసుపు మచ్చలు అందుకే పడినాయి. నూనె నేరుగా పడిన చోట తేలికైన భాగం ఎగిరిపోతుంది, బరువైన జిడ్డు అక్కడే ఉండిపోయి గాలికి ముదిరి రంగు తిరుగుతుంది. అట్లాంటి మచ్చ మీద వేడినీళ్ళు పోయొద్దు, ఇస్త్రీ అసలే పెట్టొద్దు. గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా వేసి వేలితో మెల్లగా రుద్ది, అరగంట వదిలి గోరువెచ్చటి నీళ్ళతో జాడిస్తే పోతుంది. నీ గలీబుకు రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

ముందు ఆ వాసనను బట్టకు ఎట్లా పట్టించినారో తెలుసుకోవాల. నైట్ షర్టు చేతి అంచు దగ్గర గోటితో గట్టిగా గీకి వాసన చూడు. గీకిన చోట ఒక్కసారిగా గుప్పుమని, పక్కన ఏమీ లేకపోతే అది గుళికల బట్ట. కంటికి కనబడని గుళికలు, మిల్లీమీటరును వెయ్యి వంతులు చేస్తే అందులో ఒక వంతు నుంచి ఇరవై వంతుల దాకా ఉంటాయి. లోపల నూనె, పైన పలచటి పొర, వాటిని దారానికి అతికించే జిగురు. ఒంటికి రాపిడి తగిలినప్పుడల్లా కొన్ని పగిలి వాసన వదులుతాయి. పగిలినదాన్ని మళ్ళీ నింపే మార్గం లేదు. కంపెనీలు ఇరవై, ఇరవై అయిదు ఉతుకుల దాకా ఉంటుందని రాస్తాయి. అది మిషన్‌లో, చల్లనీళ్ళలో, మెత్తగా ఉతికిన లెక్క. బండ మీద బాదితే అన్ని ఉతుకులు ఎక్కడొస్తాయి? నీ షర్టుకు చేతి అంచుల దగ్గర, వీపు మీద ఇంకా కొన్ని మిగిలినాయి, చంకల దగ్గర సున్నా. ఉన్నవాటిని కాపాడుకోవాలంటే షర్టు తిరగేసి జాలి సంచిలో వేసి ఉతుకు. బ్రష్షు, బ్లీచింగు తగలనీయొద్దు. ఇస్త్రీ లోపలివైపు నుంచి, తక్కువ వేడి మీద.

ఇంట్లోనే గుళికలు పట్టించుకోవచ్చని అమ్మే ద్రవాలు కొనొద్దు. ఆ జిగురు బట్టకు అంటుకొని నిలవాలంటే 130 నుంచి 150 డిగ్రీల వేడి బట్టంతటా సమంగా, కొన్ని నిమిషాలు తగలాల. మిల్లుల్లో దానికి ప్రత్యేకంగా యంత్రం ఉంటుంది. టీషర్టుల మీద బొమ్మలు వేసే వాళ్ళ హీట్ ప్రెస్‌లో ఆ వేడి వస్తుంది కానీ దాని ఒత్తుడికి గుళికలే చితికిపోతాయి. వేడి లేకుండా పూస్తే రెండో ఉతుకుకే నీళ్ళలో కలిసిపోతాయి. గుళికలు పూర్తిగా అయిపోయినాక ఆ షర్టును మామూలు బట్టగా లెక్కేసి, కింద చీరకు చెప్పిన డబ్బా పద్ధతి దానికీ చెయ్యి.

గలీబు సంగతి వేరు. దాని చీటీ మీద సైక్లోడెక్స్‌ట్రిన్ అని ఉంది, నువ్వు చూసుకోలేదు. అది పిండిపదార్థం నుంచి తీసే చక్కెర ఉంగరం. ఏడు గ్లూకోజులు గుండ్రంగా కూడితే మధ్యలో ఒక గుంత మిగులుతుంది. బయటివైపు నీళ్ళంటే ఇష్టం, లోపలివైపు నూనెలంటే ఇష్టం. అందుకే సుగంధ నూనె అణువులు ఆ గుంతలో కూర్చుంటాయి, చెమ్మ తగిలినప్పుడు కొద్దికొద్దిగా బయటికొస్తాయి. నూలు బట్టకు రంగు అద్దినట్టే రసాయనికంగా పట్టించిన ఉంగరాలు కాబట్టి ఉతికినా ఊడిపోవు, ఖాళీ అవుతాయంతే. ఖాళీ అయినవాటిని మళ్ళీ నింపొచ్చు. నాలుగింటిలో వాసనను లోపల దాచుకొని మళ్ళీ మళ్ళీ నింపుకోదగిన బట్ట ఇదొక్కటే, నువ్వు మాత్రం దీన్నే పారేస్తానంటివి.

అయితే ఆ గుంతల్లో ఇప్పుడున్నది చెమట వాసన, తలనూనె జిడ్డు, సబ్బు మడ్డి. అది పోకుండా కొత్త నూనెకు చోటుండదు. మీ ఇంటి బోరు నీళ్ళు ఉప్పన కదా, ఆ నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి కట్టి దారాల సందుల్లో ఇరుక్కుంటుంది. సుంకేసుల ఆనకట్ట నీళ్ళు కొళాయికి వచ్చే రోజు చూసుకొని ఉతికితే సగం బాధ తప్పుతుంది. బోరు నీళ్ళే గతి అయితే పదిహేను లీటర్ల బకెట్‌లో ఒక పెద్ద చెంచా బట్టల సోడా కలిపి, అరగంట తేరనిచ్చి, పైనున్న తేట నీళ్ళు వేరే బకెట్‌లోకి వంపుకో. అందులో వాసన లేని సర్ఫు, నువ్వు మామూలుగా వేసేదాంట్లో సగం వేసి గంటసేపు నానబెట్టు. రాత్రంతా వదిలితే మురిగిన వాసన పడుతుంది. రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, మూడో బకెట్‌లో నాలుగు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ పొయ్యి. సోడా కారం కొంచెం మిగిలినా లావెండర్‌లో తియ్యటి వాసననిచ్చే పదార్థం విరిగిపోతుంది, వెనిగర్ ఆ కారాన్ని చంపుతుంది. బ్లీచింగు వాడిన బకెట్‌లో మాత్రం వెనిగర్ పోయొద్దు, విషవాయువు పుడుతుంది.

ఇక నింపడం. నూనె నీళ్ళలో కరగదు, ఎంత కుదిపినా కాసేపటికి పైకి తేలి మచ్చలు చేస్తుంది. మందుల అంగట్లో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటే బట్ట జిగటగా అవుతుంది. 99 మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు నూనె, అంటే దాదాపు ఇరవై చుక్కలు. కలిపినాక తేటగా ఉండాల. పాలలాగా మసకబడితే నూనె సరిగా కరగలేదని అర్థం, ఆ నూనెకు ఇంకా చిక్కటి ఆల్కహాల్ కావాల. ముందు కుట్టు లోపల ఒక మూల చల్లి తెల్ల గుడ్డతో అద్ది చూడు, రంగు దిగితే ఆపెయ్యి. దిగకపోతే ఒక గలీబుకు పది మిల్లీలీటర్లు కొలిచి స్ప్రే సీసాలో పోసుకొని, జానెడు దూరం నుంచి రెండువైపులా చల్లు. లెక్కేసుకో, అందులో నూనె రెండు చుక్కలే. నువ్వు మొన్న పోసినదానికంటే తక్కువ, పని మాత్రం ఎక్కువ. పది నిమిషాలు గాలికి వదిలి, ఇంకా చెమ్మ ఉండగానే చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి రాత్రంతా మూత బిగించు. ఆ చెమ్మ ఉండాల్సిందే, పూర్తిగా పొడిబారితే నూనె గుంతల్లోకి సరిగా పోదు. పొద్దున తీసి నీడలో ఆరెయ్యి. మిద్దె మీద మన మండుటెండలో ఆరేస్తే చేసిందంతా మధ్యాహ్నానికి ఎగిరిపోతుంది. ఈ పనంతా పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీ తెరిచి చెయ్యి, ఆల్కహాల్ ఆవిరి భగ్గుమంటుంది.

దుప్పటికి నూనె తోవే వద్దు. వట్టివేళ్ళ నూనె చిక్కగా, గోధుమ రంగులో ఉంటుంది, చల్లితే మరకే. యాభై గ్రాముల వేళ్ళు దుమ్ము పోయేట్టు ఒకసారి కడిగి, మూడు లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మూతపెట్టి పావుగంట సన్నసెగ మీద కాచు. మూత తీయకుండానే చల్లారనిచ్చి పాత పంచెలో రెండుసార్లు వడగట్టు. దానికి అయిదు లీటర్ల నీళ్ళు కలిపి, ఉతికిన దుప్పటిని అరగంట ముంచి, గట్టిగా పిండకుండా నీడలో ఆరెయ్యి. తెల్ల దుప్పటికి లేత గోధుమ రంగు పడుతుంది, నీది మెరూన్ కాబట్టి దిగులు లేదు. వాసన తక్కువగానే ఉంటుంది. ఎండాకాలం వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు కొట్టినట్టే, పడుకునే ముందు నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే పైకొస్తుంది. కాచిన వేళ్ళు ఆరబెట్టి దిండు కింద పెట్టుకో, ఇంకా పనికొస్తాయి.

పట్టుచీరకు సోడా వద్దు, వెనిగర్ వద్దు, స్ప్రే వద్దు. ఆల్కహాల్‌కు నీటి మరకలాంటి గీతలు పడతాయి, జరీ దగ్గర ఇంకా అన్యాయం. దానికి ఆవిరి పట్టించడమే మేలు. మురుకుల స్టీలు డబ్బా పాత నూనె కంపు లేకుండా తోమి ఆరబెట్టు. అడుగున చిన్న గిన్నెలో దూది, దాని మీద ఆరు చుక్కల నూనె, గిన్నెకు పలచటి గుడ్డ కట్టు. చీరను ఉతికిన నూలు పంచెలో వదులుగా చుట్టి, గిన్నెకు తగలకుండా పైన పెట్టు. మూడు రోజులు మూత పెట్టి ఉంచు, రోజూ ఒకసారి మడత మార్చు. పట్టు గాలిలోని వాసనను బాగా పీల్చుకుంటుంది. తీసినాక అరగంట గాలికి వేలాడదియ్యి. వారం దాకా ఉంటే చాలా ఉన్నట్టే. ప్లాస్టిక్ డబ్బా వద్దు, వాసన సగం అదే తాగేస్తుంది. రబ్బరు బ్యాండ్లు కూడా చీర దగ్గరికి రానీయొద్దు, అందులోని గంధకానికి జరీ నల్లబడుతుంది.

నూనె ఏదని అడుగుతావు. లావెండర్, నిమ్మ లాంటివి గంటల్లో పోతాయి. వట్టివేళ్ళు, గంధం, పచోలి ఆకు నూనెలు నెమ్మదిగా పోతాయి, పక్కవాటిని కూడా పట్టి ఉంచుతాయి. రంగు బట్టలకు మూడు పాళ్ళు లావెండర్, ఒక పాలు వట్టివేళ్ళు కలిపితే బాగుంటుంది. చిన్న సీసా, గోధుమ రంగు గాజుది కొను, ఫ్రిజ్‌లో పెట్టు. గాలి తగిలి ముదిరిన లావెండర్, నిమ్మ నూనెలకు ఒంటికి దద్దుర్లు రావచ్చు. ఒంటిని తాకే బట్టకు దాల్చిన చెక్క, లవంగ నూనెలు వద్దు. వంద రూపాయలకు దొరికే మల్లె నూనె కృత్రిమ వాసనల కలగలుపే, అసలు మల్లె సారం అంత చౌకగా రాదు. వాసన కోసమైతే వాడుకో. నిద్ర పట్టిస్తుంది, తలనొప్పి తగ్గిస్తుంది అని చీటీల మీద రాసేవి మాత్రం నేను పట్టించుకోను.

చంటిదాని బట్టలకు ఏదీ వద్దు. కర్పూరం, యూకలిప్టస్, పుదీనా సత్తు పసిపిల్లల ముక్కు దగ్గరికి వస్తే ఊపిరికి ప్రమాదం. కర్పూరం బిళ్ళ నోట్లో పెట్టుకొని మింగితే ఫిట్స్ రావచ్చు. బీరువాలో కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు కలిపి పెట్టినావని మీ ఆయన చెప్పినాడు, వెంటనే వేరు చెయ్యి. రెండూ ఆనుకుంటే మన ఎండల వేడికే కరిగి కారి పట్టు మీద మరకలు పడతాయి. ఏదో ఒకటి పెట్టుకో, అదీ చంటిదానికి అందనంత పైన.

ఒక సంగతి. చల్లిన గంటకు నీ ముక్కుకు వాసన తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. తగ్గిందని మళ్ళీ చల్లొద్దు. పొద్దున మీ అత్తను వాసన చూడమను.

గలీబు నేనే నింపి పంపుతున్నాను. షర్టు, దుప్పటి ఉతికి పెట్టినాను, వట్టివేళ్ళు పావుకిలో అదే సంచిలో ఉన్నాయి. చీరను డబ్బాతో సహా పంపుతున్నాను, గురువారం దాకా మూత తీయొద్దు, మడత మార్చడానికి తప్ప.

మీ అమ్మ