వార్షిక నివేదిక: ఫోటో సీనరీలో మసకపై ఏడాది పని

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక మీ చేతికి అందాలన్నది మన నిబంధన. ఈసారిది కాస్త పొడుగ్గానే ఉంది. కిందటి సమావేశంలో మీరంతా ఒక్క గొంతుతో అడిగింది ఒకటే: మన కంప్యూటర్ విమానయాన ప్రోగ్రాముల (సిమ్యులేటర్ల) ఫోటో సీనరీలో, అంటే పైనుంచి తీసిన నిజమైన ఫోటోలతో పరిచిన నేలలో, మసకబారడం తగ్గించే దారి చూడమని. ఆ పని చాలావరకు అయింది. ఎవరి చేతుల మీదుగా అయిందో కూడా ఇక్కడ నమోదు కావాలి.

ముందుగా సాంకేతిక ఉపసంఘం కన్వీనర్‌గారికి ధన్యవాదాలు. రాత్రి ఏ వేళ సందేహం పంపినా తెల్లారేసరికి జవాబు ఉండేది. తన పాత కంప్యూటర్‌ను పరీక్షల కోసం నెలల తరబడి మనకే వదిలేసిన సీనియర్ సభ్యుడికి, సూచనల పత్రాన్ని మూడుసార్లు తిరగరాసిన ఇద్దరు కొత్త సభ్యులకు, అచ్చుతప్పులు దిద్దిన సహాయ కార్యదర్శికి సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది ఉమ్మడి పరీక్షా విమానయానం. ఎఫ్‌ఎస్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) ఉన్న సభ్యులంతా ఒకే సీనరీని, ఒకే ఫ్లైట్ ఫైలును పెట్టుకుని, 2,000 అడుగుల ఎత్తులో 250 నాట్ల వేగంతో ఒకే దారిలో ఎగిరారు. ముందే గుర్తుపెట్టుకున్న చోట్ల పాజ్ నొక్కి ఒక చిత్రం, కాసేపు ఆగి ఇంకో చిత్రం తీశారు. వినడానికి చిన్న పనే. కానీ అన్నేళ్ల వాదనలు ఆ ఒక్క సాయంత్రంతో తేలిపోయాయి.

ఒక సభ్యుడి తెర నేను దగ్గరుండి చూశాను. ముక్కు కింద పొలాల గట్లు స్పష్టంగా ఉన్నాయి. ఇంజను హోరు పెరిగి వేగం అందుకున్న కొద్దిసేపటికే గట్లు చెరిగిపోయాయి, కాలవ నీలిచారగా మారింది, ఊరు బూడిదరంగు ముద్దయింది. పాజ్ నొక్కాడు. ముందు కాలవ ఒడ్డు తేలింది, తర్వాత చెట్ల నీడలు, ఆఖరున గట్లు. ఫోటోలో వివరం ముందునుంచీ ఉంది. విమానం వేగాన్ని ప్రోగ్రాం అందుకోలేకపోయింది, అంతే. ఆయన అంతకుముందు ఇంకా పదునైన ఫోటోల కోసం రెండు నెలలు వెతికాడు!

లెక్క కూడా సరిపోతుంది. పిక్సెల్‌కు 1.2 మీటర్ల సీనరీలో 256 పిక్సెళ్ల టైలు, అంటే ఫోటోను కోసిన ఒక చదరపు ముక్క, నేలమీద దాదాపు 307 మీటర్లు. 250 నాట్లంటే సెకనుకు దాదాపు 128 మీటర్లు. అంటే రెండున్నర సెకన్లు కాకముందే కొత్త టైళ్ల వరస కావాలి, అదీ విమానం కింద ఒక్కటే కాదు, చుట్టూ.

పాజ్‌లో తేటపడితే లోడింగ్ వెనకబడ్డట్టు. ఎంతసేపు ఆగినా తేటపడకపోతే తప్పు వేరేచోట ఉంది. కిందికి చూస్తే స్పష్టంగా ఉండి, రన్‌వే వైపు ఏటవాలుగా చూస్తేనే నేల అలికినట్టుంటే అది అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ (ఏటవాలుగా కనిపించే చిత్రాలను తేటగా ఉంచే గ్రాఫిక్స్ సెట్టింగు) తక్కువగా ఉండటం వల్ల, దాన్ని 16 రెట్లకు పెట్టాలి. సభ్యుల ఫిర్యాదులన్నీ ఇకమీదట ఈ మూడు ప్రశ్నలతోనే మొదలవ్వాలని ఉపసంఘం తీర్మానించింది. "నా దగ్గర మసకగా ఉంది, ఏం చేయాలి" అని ఒక్క వాక్యం పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ 2006 నాటి ప్రోగ్రాం. 2007లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో గానీ నేల టెక్స్చర్ల (ఉపరితలాలపై పరిచే చిత్రాల) పని ప్రాసెసర్‌లోని మిగతా కోర్లకు పంచలేదు. ఇంకా ఆ ప్యాక్ వేసుకోకుండానే ఫిర్యాదు చేసిన సభ్యులున్నారు. మన పరీక్షల్లో అన్నిటికంటే మేలు చేసింది ఫ్రేమ్ రేటును (సెకనుకు గీసే తెరచిత్రాల సంఖ్యను) ప్రోగ్రాంలోనే 30కి కట్టేయడం. అపరిమితంగా వదిలేస్తే కొత్త ఫ్రేములు గీయడానికే ప్రాసెసర్ సమయం పోతుంది, టైళ్లకు మిగలదు. ఆ పంపకాన్ని నిర్ణయించేది సెట్టింగుల ఫైలులోని ఫైబర్ ఫ్రేమ్ టైమ్ ఫ్రాక్షన్, దాని మామూలు విలువ 0.33. దాన్ని కొద్దికొద్దిగా పెంచి చూడండి, ఒకేసారి కాదు. టెక్స్చర్ రిజల్యూషన్ స్లైడరు 5 మీటర్ల దగ్గరే ఉంటే ఎంత మంచి ఫోటో పెట్టినా 5 మీటర్ల నేలే కనిపిస్తుంది. టెక్స్చర్ మ్యాక్స్ లోడ్ (లోడయ్యే టెక్స్చర్ గరిష్ఠ పరిమాణం) విలువను 4096 చేస్తే మసక పోతుందని చాలామంది నమ్మారు. అది విమానాలు, కట్టడాల పెద్ద టెక్స్చర్ల కోసం. 256 పిక్సెళ్ల నేల టైలుకు దానితో పనిలేదు.

ఎల్‌ఓడీ రేడియస్, అంటే విమానం చుట్టూ ఎంత దూరం దాకా నేల పూర్తి వివరంతో ఉండాలో చెప్పే విలువ, దాని సంగతి విడిగా చెప్పాలి. స్లైడరుతో 4.5 దాకానే వస్తుంది, సెట్టింగుల ఫైలులో చేత్తో 6.5 రాసుకోవచ్చు. దాంతో పదునైన నేల దూరం దాకా పరుచుకుంటుంది, నిజమే. కానీ వైశాల్యం రెట్టింపు దాటుతుంది, లోడింగ్ భారమూ అంతే. పైగా 32 బిట్ల ప్రోగ్రాం 4 జీబీ మెమరీ దాటలేదు. దూరప్రయాణం చివర్లో, సరిగ్గా దిగే ముందు, మెమరీ చాలక మూతపడిన అనుభవం మనలో చాలామందిదే. ఇంకొకటి, ప్రోగ్రాంలో ఏ డిస్‌ప్లే స్లైడరు కదిపి భద్రపరచినా ఆ విలువ మళ్లీ 4.5కి వచ్చేస్తుంది. ముగ్గురు సభ్యులు "నిన్నటిదాకా బాగుంది" అని రాస్తే, ముగ్గురి ఫైళ్లలోనూ తేలింది ఇదే.

ఇంకో సిమ్యులేటర్ అయిన ఎక్స్‌ప్లేన్ వాడేవారి కథ వేరు. అక్కడ గొడవంతా గ్రాఫిక్స్ కార్డు మెమరీతో. 2020లో 11.50 వెర్షన్‌తో వల్కన్ (గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే కొత్త పద్ధతి) వచ్చాక, మెమరీ చాలకపోతే ప్రోగ్రాం టెక్స్చర్లను తానే తగ్గించుకుంటుంది. 4096 పిక్సెళ్ల డీడీఎస్ ఫైలు (కుదించిన టెక్స్చర్ ఫైలు) మిప్‌మ్యాపులతో, అంటే దూరానికి వాడే దాని చిన్న ప్రతులతో, కలిపి దాదాపు 10.7 మెగాబైట్లు. భూమధ్యరేఖ దగ్గర పూర్తిగా నేలే ఉన్న ఒక డిగ్రీ చదరానికి జూమ్ లెవెల్ (ఫోటో వివరం మెట్టు) 16లో సుమారు 1.4 జీబీ, 17లో 5.6, 18లో 22. ఒక్కో మెట్టుకు నాలుగు రెట్లు. 8 జీబీ కార్డు అందులోనే మేఘాలను, విమానాన్ని, విమానాశ్రయాన్ని కూడా మోయాలి. అందుకే మన సిఫారసు: దేశమంతటికీ 16, విమానాశ్రయాల చుట్టూ మాత్రం 18. ఎక్స్‌ప్లేన్‌కు ఫోటో సీనరీ కట్టే ఆర్థో4ఎక్స్‌పీ ప్రోగ్రాంలో ఇలా విడివిడి జోన్లు పెట్టుకోవచ్చు. అంతా 18లో కట్టిన సభ్యుడి సీనరీ కంటే ఇలా కట్టినది మన పరీక్షలో తేటగా కనిపించింది. ఇది నమ్మనివారు చాలామందే ఉన్నారు, దయచేసి ఒకసారి కట్టి చూడండి.

సొంతంగా సీనరీ తయారుచేసేవారికి ఒక్క మాట. ఫోటో ప్రొజెక్షన్‌ను (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిని) ఎన్నిసార్లు మారిస్తే, ఎన్నిసార్లు జేపెగ్‌గా భద్రపరిస్తే అన్నిసార్లూ పదును తగ్గుతుంది. జీడాల్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి మార్చి, మధ్యలో అంతా జియోటిఫ్‌లోనే (స్థలం వివరాలతో కూడిన చిత్రం ఫైలులోనే) ఉంచి, కుదించడం ఆఖరి మెట్టుకు వదిలేయాలి.

ఇక చేదు సంగతులు. పన్నెండు చదరాల రంగు దిద్దే పనికి ముందుకొచ్చినవారిలో ఇద్దరే పూర్తిచేశారు. మిగతావారు ఫైళ్లు తీసుకున్నారు, ఫోన్లు ఎత్తలేదు. పని కుదరకపోవడం తప్పుకాదు, కుదరదని చెప్పకపోవడం తప్పు. ఆ ఫైళ్లు వేరేవారికి ఇవ్వలేక నాలుగు నెలలు ఊరికే పోయాయి. అలాగే వైమానిక చిత్రాలున్న ఒక కార్యాలయానికి, సభ్యుల మధ్య పంచుకునే అనుమతి కోరుతూ మూడు ఉత్తరాలు రాశాం. అందినట్టు కూడా జవాబు లేదు. అనుమతి లేకుండా ఎవరి ఫోటోలూ సంఘం పంచదు. అందాకా సెట్టింగులు, నీటి మాస్కులు (నీరు ఎక్కడుందో చూపే ఫైళ్లు), సూచనల పత్రం మాత్రమే పంచుతాం. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు పిక్సెల్‌కు 10 మీటర్లు, ఎత్తున ఎగిరేవారికి పనికొస్తాయి గానీ దిగేటప్పుడు కాదు.

లెక్కలు కోశాధికారి విడిగా పంపారు. రాబడి, ఖర్చు సరిపోయాయి. ఖర్చులో ఎక్కువ భాగం పరీక్షా కంప్యూటర్‌కు వేసిన ఎస్‌ఎస్‌డీది.

వచ్చే ఉమ్మడి పరీక్ష ఎక్స్‌ప్లేన్‌తో ఉంటుంది. పాల్గొనేవారు గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంతో, సీనరీ ఏ డ్రైవులో ఉందో, యాంటీవైరస్ ఆ ఫోల్డరును వదిలేస్తోందో లేదో రాసి సమావేశం రోజుకు నాకు అందజేయాలి. రంగు దిద్దని పది చదరాల ఫైళ్లు కూడా ఆ రోజే తిరిగి ఇవ్వాలి, పూర్తయినా కాకపోయినా.

కార్యదర్శి