మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి అంటూ వరుసగా రాసుకుంటూ వస్తాం. ఈసారి వాటిని నాలుగు మాటల్లో ముగిస్తాను. మూడో వీధి డ్రైనేజీ లైను పూర్తయింది. మెయిన్ గేటు దగ్గర సీసీ కెమెరాలు పెట్టించాం. పార్కులో బోరు మోటారు మార్చాం. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు. మిగతా చోటంతా ఓటరు జాబితాకే తీసుకుంటున్నాను. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సాయంత్రాలు గడిపింది ఆ పని మీదే.

2024 మే 13, లోక్‌సభ పోలింగ్ రోజు. మొదటి వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ పొద్దున్నే బూత్‌కి వెళ్లి, ఓటరు కార్డు చేతిలో పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేశారు. ఆ ఇంట్లో ఆమె ముప్పై ఏళ్ల నుంచి ఉంటున్నారు. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల్లో అదే బూత్‌లో ఓటు వేశారు. ‘కార్డు ఉంది కదా నాయనా, మరి పేరెందుకు లేదు?’ అని అడిగితే మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రోజు కాలనీలో అలా తిరిగొచ్చినవాళ్లు ఇంకో నలుగురున్నారు. రాత్రి సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు అందరి మనసులోనూ అదే బాధ. వీధి దీపం వెలగకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేసే మనం, ఓటరు జాబితాని ఒక్కసారైనా తెరిచి చూడలేదు.

తర్వాత తెలుసుకున్నది చెబుతాను. కార్డు మనమెవరో చెప్పడానికే. ఓటు హక్కు నడిచేది జాబితాలో ఉన్న పేరు మీద. పేరుండి కార్డు పోగొట్టుకున్నా ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు లాంటిదేదైనా చూపించి ఓటు వేయొచ్చు. పేరు లేకపోతే మాత్రం ఏ కార్డూ పనికిరాదు.

జాబితా భాగాలుగా ఉంటుంది. ఒక్కో భాగం ఒక్కో పోలింగ్ బూత్‌ది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా దించుకోవచ్చు. మన కాలనీ రెండు భాగాల్లో ఉంది. ఒక్కో గడిలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, కార్డు నంబరు ఉంటాయి. తీసేసిన పేరు పక్కన ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఉంటుంది. ‘ఈ’ అంటే చనిపోయారని, ‘ఎస్’ అంటే ఇల్లు మారారని, ‘ఆర్’ అంటే పేరు రెండుసార్లు ఉందని. టీచరమ్మ పేరు పక్కన ‘ఎస్’ ఉంది. ఆ మధ్య ఆమె మూడు నెలలు బెంగళూరులో కూతురి దగ్గరున్నారు. ఇంటికి తాళం. విచారణకు వచ్చినవాళ్లకు చెప్పే మనిషి లేదు. ఇల్లు మారారన్న కారణంతో పేరు తీసేముందు ఆ మనిషి వాదన వినే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. తనకు ఏ నోటీసూ అందలేదని ఆమె చెప్పారు. పక్కింటివాళ్లకు తెలిసినా ఆగేది. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్లకు ఆమె పేరు కూడా తెలియదు.

అందుకని అక్టోబరు కోసం ఎదురుచూశాం. 2025 జనవరి 1 అర్హత తేదీగా, అంటే ఆ రోజుకి పద్దెనిమిది నిండినవాళ్లను లెక్కలోకి తీసుకుంటూ జరిగిన జాబితా సవరణలో 2024 అక్టోబరు 29న ముసాయిదా జాబితా వచ్చింది. చేర్పులకు, అభ్యంతరాలకు నవంబర్ 28 దాకా గడువు. ఆ నెల రోజులు వీధికి ఇద్దరు చొప్పున ప్రింటు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. గేటు దగ్గర నిలబడి, ఆ ఇంటి నంబరు మీదున్న పేర్లు గట్టిగా చదవడం, ఉన్నారా లేరా అని అడగడం, అంతే.

అలా చదువుతుంటే కాలనీ చరిత్రంతా బయటపడింది. పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టిన చోట, అమ్ముకుని వెళ్లిపోయిన కుటుంబం పేర్లు అలాగే ఉన్నాయి. కొత్త ఫ్లాట్లలో ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల పేర్లు పుట్టింటి నంబరు మీద ఉన్నాయి, వచ్చిన కోడళ్ల పేర్లు వాళ్ల ఊళ్లలో ఉన్నాయి. ఇలా ఇల్లు మారినవాళ్లు చాలామంది కొత్త ఓటరులాగా ఫారం 6 పెడుతున్నారు. దాంతో పేరు రెండు చోట్ల పడుతోంది. మారినవాళ్లు నింపాల్సింది ఫారం 8. పాత కార్డు నంబరు అలాగే ఉంటుంది, చిరునామా మారుతుంది.

అన్నిటికంటే ఎక్కువ వెలితి కనిపించింది కిరాయికి ఉండేవాళ్లలో. మన సంఘం నియమావళి ప్రకారం ఇంటి యజమానికే సభ్యత్వం. ఓటరు జాబితా లెక్క అది కాదు. మామూలుగా ఎక్కడ నివసిస్తున్నామన్నదే అక్కడ ముఖ్యం. ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసిగా లెక్కించకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. అంటే ఇక్కడ ఫ్లాటు కొని కిరాయికిచ్చి మరో చోట ఉంటున్న యజమానికి మన బూత్‌లో ఓటు లేదు, ఆ ఫ్లాట్‌లో ఉంటున్న కుటుంబానికి ఉంది. రిజిస్టర్డ్ అద్దె ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్, ఆ చిరునామాతో ఉన్న ఆధార్, ఏదో ఒకటి చాలు. కొందరు యజమానులు ‘మా ఇంటి నంబరు మీద వాళ్ల పేర్లెందుకు, రేపు ఖాళీ చేయకపోతే?’ అని టెన్షన్ పడ్డారు. ఓటరు జాబితాలో పేరు ఉన్నందుకు ఇంటి మీద ఎవరికీ ఏ హక్కూ రాదు. ఈ మాట కార్యదర్శిగా మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంటాను.

సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబాల సంగతి కూడా రాయాలి. ఒక అపార్ట్‌మెంట్‌లో భార్యాభర్తలిద్దరూ ఎనిమిదేళ్లుగా మెట్ల కింద గదిలోనే ఉంటున్నారు. ‘మాకిక్కడ ఓటెట్లొస్తది సార్, ఇల్లే లేకపాయె’ అన్నారు. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి కూడా, రాత్రి పూట బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) వెళ్లి అక్కడే పడుకుంటున్నారని చూసుకుంటే, ఓటు ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉంది. వీళ్లకెందుకు రాదు? సొంతూరి ఓటు వదులుకుని ఇక్కడికి మార్చుకోవాలా వద్దా అని వాళ్లు రెండు రోజులు ఆలోచించి, మార్చుకుంటామన్నారు. ఫారం 8 నింపారు.

రెండు చోట్ల ఓటు గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాల్సి వస్తోంది. మనలో చాలామందికి ఊళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి ఉన్నాయి. మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇక్కడ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్ కావడంతో ఎవరు ఎటు వెళ్లారో వీధి ఖాళీని బట్టే తెలిసింది. ఊరి మీద మమకారం తప్పని ఎవరూ అనరు. కానీ ఒక మనిషి ఒకటికంటే ఎక్కువ చోట్ల నమోదై ఉండకూడదని ఆ 1950 చట్టంలోని 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి. ఫారంలో తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఒకటి ఉంచుకుని రెండోది మీరే తీయించుకోండి.

మేం చేసిన పొరపాటు ఒకటుంది. ఫారాలన్నీ సంఘం తరఫున ఒకేసారి కట్టగా ఇద్దామనుకున్నాం. అలా తీసుకోరు. ఒక కుటుంబంవి కుటుంబం ఇవ్వొచ్చు కానీ, సంస్థలు గుంపుగా తెస్తే అంగీకరించరు. మొదట విసుగొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అదే సరైనదనిపించింది. కట్టలుగా చేర్చే దారి ఉంటే కట్టలుగా తీసేసే దారి కూడా ఉంటుంది కదా. చివరికి ఎవరి ఫారం వాళ్లే ఆన్‌లైన్‌లో పెట్టారు, లేదంటే బీఎల్ఓ చేతికిచ్చారు. మన బీఎల్ఓ ఒక అంగన్‌వాడీ టీచర్. పిల్లల్ని చూసుకుని, ఆ పని అయ్యాక ఈ పని కోసం ఎండలో తిరుగుతారు. ఆమెకు సంఘం ఆఫీసులో ఒక బల్ల, ఫ్యాను, మంచినీళ్లు ఏర్పాటు చేశాం. ఈ ఏడాది పెట్టిన ఖర్చుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

కష్టమైనది ఫారం 7. పేరు తీసేయమని ఇచ్చేది. చనిపోయినవాళ్ల పేర్లు చాలా ఇళ్లలో అలాగే ఉన్నాయి. తండ్రి పేరు తీసేయమని కొడుకు సంతకం పెట్టడం తేలిక కాదు. ఒక ఇంట్లో ఆ ఫారం వారం రోజులు టీవీ పక్కనే ఉండిపోయింది. మేం తొందరపెట్టలేదు. చివరికి ఆ ఇంటి అమ్మే సంతకం పెట్టి పంపారు. మన పేరు మీద ఎవరైనా అభ్యంతరం పెడితే అది ఫారం 10 జాబితాలో బయటికి వస్తుంది. సవరణ రోజుల్లో దాన్ని కూడా చూస్తూ ఉండాలి.

2025 జనవరి 6న తుది జాబితా వచ్చింది. టీచరమ్మ పేరు ఉంది. ఫారం 6 మీద మళ్లీ చేరారు. వాచ్‌మన్ దంపతుల పేర్లూ ఉన్నాయి. అన్నీ సరికాలేదు. రెండో వీధిలో ఒక ఇంట్లో తల్లిదండ్రులు ఒక బూత్‌లో, కొడుకు కోడలు ఇంకో బూత్‌లో ఉన్నారు. పాత డోర్ నంబరు ఒకరిది, కొత్త ప్లాట్ నంబరు ఇంకొకరిది కావడమే కారణం. అలాంటివాళ్లకు మళ్లీ ఫారం 8 పెట్టిస్తున్నాం. తిరస్కరించిన దరఖాస్తులకు జిల్లా ఎన్నికల అధికారికి, ఆ పైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు పార్కులో చిన్న సమావేశం పెట్టాం. ఇంటర్ చదివే పిల్లలు బాగా వచ్చారు. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయని, జనవరి 1 ఒక్కటే కాదని, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 నాటికి పద్దెనిమిది నిండినా సరేనని, పదిహేడు దాటగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని చాలామంది తల్లిదండ్రులకే తెలియదు. అమెరికాలో ఉన్న పిల్లల గురించి కూడా అడిగారు. భారత పౌరసత్వం ఉంటే పాస్‌పోర్టులో ఉన్న ఇక్కడి చిరునామాతో ఫారం 6ఏ పెట్టుకోవచ్చు, ఓటు మాత్రం స్వయంగా వచ్చి వేయాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల పేరు ఇక్కడ ఉండకూడదు.

జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరి వరకే. వార్డుల ఓటరు జాబితా తయారయ్యేది ఈ అసెంబ్లీ జాబితా నుంచే. అందుకని వచ్చే ముసాయిదా వచ్చినప్పుడు మళ్లీ ఇల్లిల్లూ తిరగాలని కార్యవర్గం తీర్మానించింది. మొదటి వీధికి టీచరమ్మ తన పేరిచ్చారు. నాలుగో వీధికి ఇంకా ఒకరు కావాలి. జనవరి జాబితా ప్రింటు సంఘం ఆఫీసు బీరువాలో ఉంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎప్పుడైనా వచ్చి మీ ఇంటి నంబరు తీసి చూసుకోండి. కిరాయికి ఉన్నవాళ్లను కూడా వెంట తీసుకురండి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున